కొత్త పికప్‌కే ఇంజన్ లైటు ఎందుకు వెలుగుతోంది?

సంక్షిప్తంగా: కొని ఏడాదైనా కాని డీజిల్ పికప్‌లో పసుపు రంగు ఇంజన్ లైటు వెలిగి బండి లాగడం మానేస్తే, లోపం ఇంజన్ లోపల ఉండే అవకాశం తక్కువ. పొగను శుద్ధి చేసే భాగాలు, ఇంధనం, సెన్సర్ల తీగలు ముందుగా అనుమానించాల్సినవి. బండి నాణ్యత ఎంత ముఖ్యమో, దాన్ని రోజూ తిప్పే తీరు కూడా అంతే ముఖ్యం. లైటు ఆర్పించుకోవడం మరమ్మతు కాదు.

డ్రైవర్ల మాటల్లో పికప్ అంటే రెండు అర్థాలు. ఒకటి బండి, రెండోది ఆ బండి వేగం అందుకునే తీరు. కొత్త బీఎస్-6 (భారత్ కాలుష్య నిబంధనల ఆరో దశ) డీజిల్ బండ్ల మీద వినిపించే ఫిర్యాదుకు ఈ రెండు అర్థాలూ కలిసొస్తాయి: పికప్‌కు పికప్ లేదు. మీటరు మీద ఇరవై వేల కిలోమీటర్లు కూడా దాటి ఉండవు. ముందు డ్యాష్‌బోర్డు మీద పసుపు గుర్తు వెలుగుతుంది. ఒకటి రెండు రోజులకు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా బండి నలభై దాటదు. షోరూంలో కంప్యూటర్ తగిలించి లైటు ఆర్పి పంపుతారు. పది రోజులకు మళ్లీ అదే లైటు. ఇంజన్ పోయిందని ఒకరు, కంపెనీ మోసమని ఒకరు, సైలెన్సర్‌లో ఫిల్టర్ పీకేయిస్తే సరిపోతుందని ఇంకొకరు సలహా ఇస్తారు. మొదటి రెండూ అప్పుడప్పుడు నిజం కావచ్చు. మూడోది మాత్రం ఎప్పుడూ తప్పే.

కొత్తది చెడదన్న నమ్మకం

యంత్రాల మన్నికను లెక్కగట్టే ఇంజనీర్లు ఒక గీత గీసి చూపిస్తారు. అది స్నానపు తొట్టెను నిలువునా కోసినట్టు ఉంటుంది. మొదట్లో వైఫల్యాలు ఎక్కువ, తర్వాత చాలాకాలం తక్కువ, చివర్లో అరుగుదల వల్ల మళ్లీ ఎక్కువ. తయారీలో దొర్లిన పొరపాట్లు మొదటి నెలల్లోనే బయటపడతాయి కాబట్టి ఎడమ అంచు ఎత్తుగా ఉంటుంది. అంటే కొత్త బండి చెడడం వింతేమీ కాదు. ఏ రకంగా చెడిందన్నదే ప్రశ్న.

నిజమైన తయారీ లోపం ఎలా ఉంటుందో పికప్‌ల దేశమైన అమెరికాలో ఈమధ్య వరుసగా కనిపించింది. టయోటా 2024 మే నెలలో 2022, 2023 మోడళ్ల టండ్రా పికప్‌లను, వాటితోపాటు కొన్ని లెక్సస్ వాహనాలను కలిపి సుమారు 1,02,000 వెనక్కి పిలిచింది. ఇంజన్ భాగాలను కోసి చెక్కేటప్పుడు మిగిలిన లోహపు రజను లోపలే ఉండిపోయి బేరింగులను దెబ్బతీయవచ్చన్నది కారణం. అదే ఏడాది ఆగస్టులో ఫోర్డ్ ఎఫ్-150తో సహా 90,736 వాహనాలను పిలిచింది. తయారీలో అతిగా వేడెక్కిన ఇన్‌టేక్ వాల్వులు పెళుసుబారి విరిగే ప్రమాదం ఉంది. 2025 ఏప్రిల్‌లో జనరల్ మోటార్స్ తన 6.2 లీటర్ వీ8 ఇంజన్ పికప్‌లు, ఎస్‌యూవీలను ప్రపంచవ్యాప్తంగా ఏడు లక్షలకు పైగా వెనక్కి పిలిచింది. కనెక్టింగ్ రాడ్, క్రాంక్‌షాఫ్ట్ భాగాల్లో లోపమని చెప్పింది. ఈ మూడో ఉదంతంలో పరీక్షించిన పద్ధతి గమనించదగ్గది. పి0016 అనే కోడ్ (బండి కంప్యూటర్ దాచుకునే లోపపు సంకేతం) కనిపిస్తే ఇంజన్ మరమ్మతు చేయాలి లేదా మార్చాలి. కనిపించకపోతే పలుచని ఆయిల్ తీసేసి కాస్త చిక్కని ఆయిల్ పోసి పంపాలి. క్రాంక్‌షాఫ్ట్, క్యామ్‌షాఫ్ట్ ఒకదానితో ఒకటి సరిపోయే తాళంలో తిరగడం లేదని ఆ కోడ్ అర్థం. లక్షల రూపాయల ఇంజన్ భవితవ్యాన్ని నాలుగంకెల కోడ్ తేల్చింది.

ఇలాంటి లోపాలకు తమవైన ఆనవాళ్లు ఉంటాయి. లోపలి నుంచి లోహం కొట్టుకునే చప్పుడు, ఎరుపు రంగు ఆయిల్ ప్రెషర్ లైటు, తీసిన ఆయిల్‌లో మెరిసే రజను, నడుస్తుండగానే ఇంజన్ ఆగిపోవడం. ఇవి కనిపిస్తే బండిని ఆపి లాక్కుపోవడం తప్ప మరో మార్గం లేదు. ఇంకో రెండు కిలోమీటర్లే కదా అని నడిపితే, బేరింగు ఖర్చుతో పోయేది ఇంజన్ ఖర్చు అవుతుంది. పసుపు లైటు వెలిగి బండి బరువెక్కినట్టు నడవడం వేరే జబ్బు. మన రోడ్ల మీద ఎక్కువగా వినిపించేది అదే.

2020 ఏప్రిల్ 1కి ముందు, తర్వాత

భారత్‌లో బీఎస్-4 నిబంధనలు 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా వచ్చాయి. మధ్యలో బీఎస్-5ను దాటవేసి 2020 ఏప్రిల్ 1న నేరుగా బీఎస్-6కు వెళ్లారు. డీజిల్‌లో గంధకం పది లక్షల భాగాల్లో 50 నుంచి 10కి తగ్గింది. డీజిల్ కార్ల లెక్కలో నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కిలోమీటరుకు 250 మిల్లీగ్రాముల నుంచి 80కి, మసి రేణువుల పరిమితి 25 నుంచి 4.5కి పడిపోయింది. పికప్‌లకు బరువు తరగతిని బట్టి అంకెలు మారతాయి, దిశ మాత్రం ఒకటే. 2023 ఏప్రిల్ 1న వచ్చిన రెండో దశలో ప్రయోగశాలతోపాటు నిజమైన రోడ్డు మీద నడుస్తున్నప్పటి కాలుష్యాన్నీ లెక్కలోకి తీసుకున్నారు. బండిలోనే ఉండే నిఘా వ్యవస్థ నిబంధనలు ఇంకా బిగుసుకున్నాయి.

ఈ పరిమితులను ఇంజన్ ఒక్కటే అందుకోలేదు. అందుకని ఇంజన్‌కూ సైలెన్సర్‌కూ మధ్య ఒక చిన్న రసాయన కర్మాగారం చేరింది. పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజన్‌లోకి పంపి మంట వేడిని తగ్గించే ఈజీఆర్, కాలని ఇంధన ఆవిరిని మండించే ఉత్ప్రేరకం, మసిని పట్టే డీపీఎఫ్, కొన్ని బండ్లలో యూరియా ద్రావణం చల్లే ఎస్‌సీఆర్. వీటన్నింటి మీద ఉష్ణోగ్రత, పీడనం, వాయువులు కొలిచే సెన్సర్లు. వీటిలో ఏది సందేహం వెలిబుచ్చినా వెలిగేది మాత్రం ఇంజన్ బొమ్మ ఉన్న లైటే. గందరగోళం సగం అక్కడే మొదలవుతుంది.

పాత మెకానిక్ విద్య ఒకటి కూడా దీంతో అక్కరకు రాకుండా పోయింది. నల్లపొగ వస్తే గాలి చాలలేదనో డీజిల్ ఎక్కువైందనో, నీలిపొగ వస్తే ఆయిల్ కాలుతోందనో, తెల్లపొగ వస్తే డీజిల్ సరిగ్గా మండలేదనో నీళ్లు చేరాయనో చూడగానే చెప్పేవారు. ఇప్పుడు నల్లపొగ బయటికి రాదు, ఫిల్టర్‌లోనే ఉండిపోతుంది. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ పాడై మసి మూడింతలు పుట్టినా గొట్టం చివర గుడ్డ పెట్టి చూస్తే శుభ్రంగానే ఉంటుంది. బీఎస్-6 డీజిల్ బండి నల్లపొగ వదులుతోందంటే ఫిల్టర్ పగిలిందని, లేదా ఎవరో తీసేశారని అర్థం.

మసి నిండే ఫిల్టర్, కాలని మసి

డీపీఎఫ్ తేనెపట్టులా సన్నని గదులున్న పింగాణీ దిమ్మె. పక్కపక్క గదుల్లో ఒకదానికి ముందువైపు, ఇంకోదానికి వెనకవైపు మూతలు ఉంటాయి. పొగ గోడల్లోంచి దూరి వెళ్లాల్సిందే, మసి గోడకు అంటుకుని ఆగిపోతుంది. మసి ఎంత చేరిందో ఫిల్టర్‌కు అటూ ఇటూ ఉన్న పీడనంలో తేడాను బట్టి కంప్యూటర్ అంచనా వేస్తుంది.

పట్టిన మసిని కాల్చి పోగొట్టాలి. హైవే మీద లోడుతో వెళ్లే బండిలో పొగ వేడి 250 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది కాబట్టి మసి కొంత దానంతటదే కాలిపోతూ ఉంటుంది. అది సరిపోకపోతే కంప్యూటర్ కొన్ని వందల కిలోమీటర్లకు ఒకసారి అదనంగా డీజిల్ చిమ్మి ఫిల్టర్‌ను దాదాపు 600 డిగ్రీలకు వేడెక్కిస్తుంది. దీన్ని రీజెనరేషన్ అంటారు. పది ఇరవై నిమిషాలు బండి ఆగకుండా నడవాలి. చిక్కంతా ఈ పది ఇరవై నిమిషాల దగ్గరే.

ఒకే నెలలో ఒకే షోరూంలో కొన్న రెండు పికప్‌లను ఊహించుకుందాం. ఒకటి మదనపల్లె మార్కెట్ నుంచి రాత్రిపూట టమాటా ఎత్తుకుని చెన్నై వెళ్తుంది. రెండోది పట్టణంలో ఇంటింటికీ మంచినీళ్ల క్యాన్లు వేస్తుంది. మొదటిదానికి మూడేళ్లయినా ఆ లైటు పరిచయం కాకపోవచ్చు. రెండోది రెండు వందల మీటర్లకోసారి ఆగుతుంది, గంటలో పది కిలోమీటర్లు కూడా తిరగదు, ఇంజన్ పూర్తిగా వేడెక్కేలోపు ఆర్పేస్తారు. వీధుల్లో మైకు పెట్టి ఉల్లిపాయలు అమ్మే బండిదీ ఇదే పరిస్థితి. బండి నిలబడి ఉన్నా ఇంజన్ ఐడిల్‌లో ఆడుతూనే ఉంటుంది, మసి చేరుతూనే ఉంటుంది, కాల్చేంత వేడి మాత్రం ఎప్పుడూ రాదు.

తెలియక చేసే పనులు దీన్ని ఇంకా ముదరబెడతాయి. రీజెనరేషన్ నడుస్తున్నప్పుడు ఐడిల్ వేగం కొద్దిగా పెరుగుతుంది, ఫ్యాను గట్టిగా తిరుగుతుంది, కాలిన వాసన రావచ్చు. ఇంజన్ వేడెక్కిందనుకుని డ్రైవర్ వెంటనే బండి ఆపేస్తాడు. మసి సగం కాలి ఆగిపోతుంది, చిమ్మిన డీజిల్ కొంత సిలిండర్ గోడల మీదుగా జారి ఆయిల్‌లో కలుస్తుంది. ఇలా పదిసార్లు జరిగితే గేజు కడ్డీ మీద ఆయిల్ మట్టం పెరిగి కనిపిస్తుంది. ఆయిల్ తగ్గలేదు సరికదా పెరిగిందని సంతోషించేవారూ ఉన్నారు. నిజానికి పెరిగింది ఆయిల్ కాదు, డీజిల్. అది ఆయిల్‌ను పలుచన చేసి బేరింగులను, ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బోను అరగదీస్తుంది. బయటి భాగంలో మొదలైన సమస్య అప్పుడు నిజంగానే ఇంజన్ సమస్య అవుతుంది.

ఇంకో అలవాటు డీజిల్ కొట్టించే పద్ధతి. కిరాయి దొరికినప్పుడల్లా ఐదు వందలకు కొట్టించి ముల్లును ఎప్పుడూ రిజర్వు దగ్గరే ఉంచితే, చాలా మోడళ్లలో కంప్యూటర్ రీజెనరేషన్ మొదలుపెట్టదు. అదనపు డీజిల్ ఖర్చయ్యే పని కాబట్టి ట్యాంకులో తగినంత లేనప్పుడు వాయిదా వేస్తుంది. వేరే ఏదైనా లోపపు కోడ్ ముందే ఉన్నా అంతే. చల్లగా ఉన్నప్పుడే తెరుచుకుని ఉండిపోయిన చిన్న థర్మోస్టాట్ (కూలెంట్ ప్రవాహాన్ని అదుపుచేసే మూత) కూడా ఇంజన్‌ను వేడెక్కనీయక ఫిల్టర్ నిండిపోయేలా చేయగలదు. లైటు చూపేది ఫిల్టర్‌ను, తప్పు మాత్రం థర్మోస్టాట్‌ది.

మసి ఒక హద్దు దాటితే కంప్యూటర్ ఇంజన్ శక్తిని కోసేస్తుంది. దీన్నే లింప్ మోడ్ అంటారు, అంటే కుంటి నడక. ఫిల్టర్ కరిగిపోకుండా, టర్బో దెబ్బతినకుండా కాపాడే ఏర్పాటు అది. వర్క్‌షాపులో స్కానర్‌తో బలవంతంగా రీజెనరేషన్ చేయిస్తే మసి పోతుంది, బండి మామూలవుతుంది. కానీ మర్నాటి నుంచి అదే వీధులు, అదే ఐడిల్. మళ్లీ మళ్లీ వచ్చే లైటుకు అసలు కారణం చాలాసార్లు ఇంతే. వారానికి ఒకటి రెండుసార్లు అరగంట పాటు నాలుగో గేరులో, ఇంజన్ కాస్త గట్టిగా తిరిగేలా రింగు రోడ్డు మీద నడిపితే ఖర్చు కొద్దిపాటి డీజిలే. ఆ సమయంలో సైలెన్సర్ విపరీతంగా కాలుతుంది కాబట్టి వరిగడ్డి, ఎండుటాకుల మీద ఆపకూడదు.

ఎరువుల బస్తా యూరియా పనికిరాదు

ఎస్‌సీఆర్ ఉన్న బండ్లకు ఇంకో ట్యాంకు ఉంటుంది. అందులో పోసేది 32.5 శాతం శుద్ధ యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీరు. వేడి పొగలో అది అమ్మోనియాగా మారి నైట్రోజన్ ఆక్సైడ్లను నైట్రోజన్, నీటి ఆవిరిగా విడగొడుతుంది. ధర మిగుల్చుకోవాలని పొలానికి తెచ్చిన యూరియాను బోరు నీళ్లలో కలిపి పోస్తే ఏమవుతుంది? 2015 నుంచి దేశంలో అమ్మే వ్యవసాయ యూరియాకు సాధారణంగా వేపనూనె పూత ఉంటుంది. ఆ నూనె, నీటిలోని సున్నం కలిసి చిమ్మే ముక్కును మూసేస్తాయి, ఉత్ప్రేరకాన్ని చెరుపుతాయి. ద్రావణం నాణ్యతను కొలిచే సెన్సర్ ఉంటే అది ముందే పసిగట్టి హెచ్చరిస్తుంది, తర్వాత శక్తి తగ్గిస్తుంది. వారంటీ కూడా అక్కడితో ఆగుతుంది. చిన్న పికప్‌లు అన్నింటికీ ఈ ట్యాంకు ఉండదు. ఉన్నదీ లేనిదీ మాన్యువల్ చూసి తెలుసుకోవాలి.

డీజిల్‌లో నీళ్లు

నేటి డీజిల్ ఇంజన్లలో ఇంధనాన్ని 1,600 బార్ లేదా అంతకు మించిన పీడనంతో చిమ్ముతారు. పంపు, ఇంజెక్టర్ లోపలి భాగాల మధ్య ఎడం మైక్రాన్లలో ఉంటుంది, వాటికి జిడ్డు ఇచ్చేది కూడా డీజిలే. అందులో నీళ్లు గానీ కిరోసిన్ గానీ బయోడీజిల్ పేరుతో దొరికే మిశ్రమాలు గానీ కలిస్తే ఆ జిడ్డు పోతుంది. పంపు అరిగి లోహపు రజను మొత్తం లైను అంతా పాకుతుంది. అప్పుడు ఒక్క ఇంజెక్టర్ మారిస్తే సరిపోదు, పంపు నుంచి ట్యాంకు దాకా కడగాలి.

ఎత్తు ఎక్కేటప్పుడు, లోడు మీద ఉన్నప్పుడు బండి గుక్కపట్టినట్టు ఆగి, స్కానర్‌లో పి0087 కోడ్ కనిపిస్తే ఇంజెక్టర్లకు డీజిల్ అందించే ఉమ్మడి గొట్టంలో (రైల్) పీడనం చాలడం లేదని అర్థం. భయపడాల్సిన పంపు కన్నా ముందు చూడాల్సింది డీజిల్ ఫిల్టర్. వానాకాలంలో ఫిల్టర్ అడుగున నీళ్లు చేరతాయి, వాటిని వదిలే చిన్న మర ఉంటుంది. డీజిల్ కొట్టించిన కాసేపటికే తేడా మొదలైతే బిల్లు భద్రపరచాలి, సీసాలో కొంత నమూనా తీసి పెట్టాలి. బంకులో సాంద్రత పరీక్ష చేసి చూపమని అడగవచ్చు. కల్తీ ఇంధనం వల్ల వచ్చిన నష్టాన్ని వారంటీ భరించదు, అందుకే సాక్ష్యం విలువైనది.

ఏ వరుసలో వెతకాలి

వెతకడంలో వరుస తప్పితే ఖర్చు పెరుగుతుంది. ముందు లైటు రంగు చూడాలి. ఎరుపైతే ఆపాలి, పసుపైతే నెమ్మదిగా వర్క్‌షాపు దాకా నడపవచ్చు. పసుపు లైటు మిణుకుమిణుకుమంటే హెచ్చరిక తీవ్రమైంది, ఏమిటో మాన్యువల్‌లో చూడాలి. తర్వాత ఆయిల్ మట్టం, కూలెంట్, గాలి ఫిల్టర్, టర్బో గొట్టాల క్లిప్పులు. పొలం గట్టున ఆపే బండ్లలో ఎలుకలు కొరికిన తీగలు కొత్త సంగతేమీ కాదు. బాడీ కట్టించేటప్పుడు హారన్లకో లైట్లకో మధ్యలో కోసి కలిపిన తీగలు కూడా సెన్సర్లకు తప్పుడు వోల్టేజీ పంపగలవు.

ఆ తర్వాతే కోడ్. అయితే కోడ్ చెప్పేది మార్చాల్సిన భాగం పేరు కాదు, గమనించిన లక్షణం. పి0401 అంటే ఈజీఆర్ ప్రవాహం తక్కువగా ఉందని. వాల్వు చెడిందని కాదు, మసి అడ్డుపడి ఉండవచ్చు, గొట్టం చిట్లి ఉండవచ్చు. పి0299 అంటే టర్బో ఒత్తిడి చాలలేదని. ఊడిన గొట్టం క్లిప్పు కూడా అదే కోడ్ ఇస్తుంది. పి2463 అంటే ఫిల్టర్‌లో మసి ఎక్కువని. పీడనం కొలిచే సన్నని రబ్బరు గొట్టం పగిలితే ఆ లెక్కే తప్పుతుంది. కోడ్ పడిన క్షణంలో వేగం, ఇంజన్ వేడి, లోడు ఎంత ఉన్నాయో కంప్యూటర్ ఒక చిత్రంలా దాచుకుంటుంది. దాన్ని చూడకుండా కోడ్ చెరిపేస్తే వైద్యుడు రాకముందే రోగి చీటీ చించేసినట్టు. బ్యాటరీ తీగ ఊడదీసి లైటు ఆర్పడం కూడా ఇదే కోవలోకి వస్తుంది.

వారంటీ, చట్టం

ఫిల్టర్ పీకేయడం గురించి రెండు మాటలు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన రూపం నుంచి మార్పులను అనుమతించదు. 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. వారంటీ పోవడం అదనం. ఇంజన్ కంప్యూటర్‌ను మభ్యపెట్టే సాఫ్ట్‌వేర్ ఎక్కించాక, నిజమైన లోపం వచ్చినా అది చెప్పదు.

అమెరికాలో పదేపదే మరమ్మతు చేసినా బాగుపడని కొత్త వాహనాన్ని కంపెనీయే మార్చి ఇవ్వాలి లేదా డబ్బు తిరిగివ్వాలి అనే చట్టాలు రాష్ట్రాలవారీగా ఉన్నాయి. వాటిని లెమన్ చట్టాలంటారు. భారత్‌లో అలాంటి ప్రత్యేక చట్టం లేదు. ఉన్నది 2019 వినియోగదారుల రక్షణ చట్టం. అందులో వాణిజ్య అవసరానికి కొన్నవారిని వినియోగదారులుగా పరిగణించరు, కానీ సొంతంగా నడుపుకుని జీవనోపాధి కోసమే వాడుకునేవారికి మినహాయింపు ఉంది. సొంత పికప్ తోలుకునే డ్రైవరుకు ఈ మినహాయింపే ఆధారం. నలుగురు డ్రైవర్లను పెట్టి పది బండ్లు తిప్పే యజమాని పరిస్థితి వేరు. ధర 50 లక్షల లోపు ఉంటుంది కాబట్టి ఫిర్యాదు జిల్లా కమిషన్‌కే వెళ్తుంది. ఇక 2019 సవరణతో చేరిన 110ఏ సెక్షన్ ప్రకారం లోపమున్న వాహనాలను వెనక్కి పిలవాలని కేంద్రం తయారీదారును ఆదేశించవచ్చు.

ఏ దారిలో వెళ్లినా కాగితాలే మాట్లాడతాయి. ప్రతిసారీ జాబ్‌కార్డు మీద కిలోమీటర్లు, తేదీ, కోడ్ అంకెలు రాయించుకోవాలి. 'జనరల్ చెకప్' అని రాసిన జాబ్‌కార్డు లోపం ఉందనడానికి ఏ సాక్ష్యమూ ఇవ్వదు.

మార్కెట్ ఎటు వెళ్తోంది

పట్టణ డెలివరీకి డీజిల్ సరైన ఇంధనమేనా అన్న ప్రశ్న ఇప్పుడు కొనేవారి ముందే ఉంది. చిన్న సరుకు బండ్లలో పెట్రోలు, సీఎన్‌జీ, విద్యుత్ మోడళ్లు వచ్చేశాయి. టాటా ఏస్ 2005లో డీజిల్ బండిగా మొదలై 2022కల్లా విద్యుత్ రూపంలోనూ వచ్చింది. రోజుకు నలభై యాభై కిలోమీటర్లు ఆగుతూ ఆగుతూ తిరిగే పనికి డీపీఎఫ్ లేని బండి చాలా చిక్కులను తప్పిస్తుంది. బరువు ఎక్కువ, దూరం ఎక్కువ అయిన చోట డీజిల్‌దే ఇంకా పైచేయి.

తర్వాతి ప్రభావం సెకండ్ హ్యాండ్ మార్కెట్ మీద పడుతుంది. మసి కాలిపోతుంది గానీ ఇంజన్ ఆయిల్‌లోని రసాయనాల నుంచి వచ్చే బూడిద కాలదు, ఏళ్ల తరబడి ఫిల్టర్‌లోనే పేరుకుంటుంది. తక్కువ బూడిదనిచ్చే గ్రేడ్ బదులు చవక ఆయిల్ పోసిన బండిలో ఇది ఇంకా వేగంగా జరుగుతుంది. ఫిల్టర్ మార్పు ఖర్చు చిన్న బండి యజమానికి పెద్ద దెబ్బే. ఇంతకాలం పాత పికప్ కొనేవారు టైర్లు తన్ని చూసి, ఇంజన్ చప్పుడు విని, సైలెన్సర్ దగ్గర చెయ్యి పెట్టి బేరమాడేవారు. చాలా బండ్ల కంప్యూటర్లు ఫిల్టర్‌లో బూడిద అంచనాను, చివరి రీజెనరేషన్ తర్వాత తిరిగిన దూరాన్ని దాచి ఉంచుతాయి. సరైన స్కానర్ తగిలిస్తే ఆ రెండు అంకెలూ తెర మీద కనిపిస్తాయి. దూరం వందల్లో ఉండాల్సిన చోట వేలల్లో ఉంటే, ఆ బండి ధర అక్కడి నుంచే తగ్గడం మొదలవుతుంది.